హైపెక్ తరువాత పదహారో రోజు: డెంగీ అనుకున్న ఒక న్యూట్రోపీనియా

ఉదరంలోకి వేడి కీమోథెరపీ ఇచ్చే హైపెక్ చికిత్స మన ప్రాంతపు రోగులకు హైదరాబాద్‌లో జరుగుతుంది. ఆ మందు ఎముక మూలుగపై వేసే దెబ్బ, ముఖ్యంగా ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్లు అనే తెల్లకణాలు పడిపోవడం (న్యూట్రోపీనియా), మాత్రం కొన్నిసార్లు వారు పరకాలకో, ములుగుకో, నర్సంపేటకో తిరిగి వచ్చాకే బయటపడుతుంది. అప్పుడు వచ్చే జ్వరాన్ని మొదట చూసేది శస్త్రచికిత్స చేసిన బృందం కాదు. ఊళ్లోని ఆర్ఎంపీ, పట్టణంలోని ల్యాబ్, ఆ తరువాత హనుమకొండలో నాలాంటి జనరల్ మెడిసిన్ వైద్యురాలు. అలా మా దగ్గరకు వచ్చిన ఒకరి కేసును, ఆమె అనుమతితో, గుర్తుపట్టడానికి వీలైన వివరాలను మార్చి ఇక్కడ రాస్తున్నాను. రోజుల లెక్క అంతా హైపెక్ జరిగిన రోజును సున్నాగా తీసుకొని వేసినది. ఆ లెక్క ఎంత అవసరమో చెప్పడానికే ఈ కేసును ఎంచుకున్నాను.

రోగి, వ్యాధి, చికిత్స

ఆమె వయసు 46 ఏళ్లు. పరకాల సమీపంలోని గ్రామం, పత్తి సాగు చేసే కుటుంబం. ఎత్తు 148 సెంటీమీటర్లు, బరువు 43 కిలోలు. ఏడాదిగా పొట్ట ఉబ్బుతూ ఉంటే మొదట గ్యాస్ అని, తరువాత అండాశయంలో గడ్డ అని వైద్యం సాగింది. చివరకు సీటీ స్కాన్, బయాప్సీల తరువాత అది సూడోమిక్సోమా పెరిటోనై అని తేలింది. అపెండిక్స్‌లో పుట్టిన జిగురు కణితి పగిలి, ఆ జిగురు, దానితోపాటు దానిని తయారుచేసే కణాలు పెరిటోనియం (ఉదరం లోపలి పొర) అంతటా పరచుకొనే వ్యాధి ఇది. ఇది రక్తం ద్వారా దూర అవయవాలకు పాకడం అరుదు; ఉదరంలోనే ఉండి, అక్కడే పెరిగి, పేగులను బిగిస్తుంది. అందువల్లనే కంటికి కనిపించే వ్యాధినంతా కత్తితో తీసివేసి, కనిపించని కణాల కోసం ఉదరాన్ని వేడి మందుతో కడిగే పద్ధతికి ఇందులో అర్థం ఉంది. 1980లో అమెరికాలో స్ప్రాట్ బృందం ఈ వేడి కీమోథెరపీని మొదటిసారి ఇచ్చినది కూడా సూడోమిక్సోమా రోగికే. తరువాత అమెరికా సర్జన్ పాల్ షుగర్‌బేకర్ దీనికి శస్త్రచికిత్స క్రమాన్ని ఏర్పరచారు.

ఉదరాన్ని 13 భాగాలుగా విభజించి, వ్యాధి ఎంత ఉందో బట్టి ఒక్కో భాగానికి 0 నుంచి 3 వరకు వేసి, మొత్తం 39కి లెక్కించే సూచికలో ఆమెకు 17 వచ్చింది. తొమ్మిది గంటల శస్త్రచికిత్సలో పెద్దపేగు కుడి భాగం, ఒమెంటం (పేగుల మీది కొవ్వు పొర), గర్భాశయం, రెండు అండాశయాలు, పిత్తాశయం, కటి భాగంలోనూ కుడి డయాఫ్రం కిందా ఉన్న పెరిటోనియం తొలగించారు. ప్లీహాన్ని ఉంచారు. దానిని తీసివేసిన రోగుల్లో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరిగి మూలుగ పతనాన్ని కప్పివేస్తాయి. ఈమె విషయంలో ఆ చిక్కు లేదు. ఆ తరువాత 42 డిగ్రీల సెల్సియస్ వేడి ద్రావణంలో మైటోమైసిన్ కలిపి, ప్రారంభంలో 30 మిల్లీగ్రాములు, అరవయ్యవ నిమిషంలో 10 మిల్లీగ్రాములు వేసి, 90 నిమిషాల పాటు ఉదరంలో తిప్పారు.

ఈ 40 మిల్లీగ్రాముల దగ్గర కొంచెం ఆగాలి. ఇది చాలా కేంద్రాలు వాడే స్థిరమైన మోతాదే. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ 170 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మనిషి శరీర ఉపరితలం సుమారు 1.82 చదరపు మీటర్లు. అతనికి ఈ మోతాదు చదరపు మీటరుకు 22 మిల్లీగ్రాములు అవుతుంది. ఈమె శరీర ఉపరితలం 1.33 చదరపు మీటర్లు. ఆమెకు అదే మోతాదు చదరపు మీటరుకు 30 మిల్లీగ్రాములయింది. శరీర ఉపరితలాన్ని బట్టి చదరపు మీటరుకు 35 మిల్లీగ్రాములు ఇచ్చే పద్ధతి కూడా ఉంది కాబట్టి 30 అన్నది పరిధి దాటిన సంఖ్య కాదు. అయినా మన పల్లెల్లో ఇంతే ఎత్తు, ఇంతే బరువు ఉన్న స్త్రీలు ఎంతోమంది. వారి రక్తకణాల పతనం పుస్తకంలో చదివిన సగటు కంటే లోతుగా ఉండవచ్చునని ముందే అనుకోవడం మంచిది.

మందు పొట్టలో ఉంటే దెబ్బ మూలుగకు ఎందుకు?

ఈ ప్రశ్న రోగి భర్త అడిగాడు. చదువుకున్న వైద్యులూ అడుగుతారు. పెరిటోనియం మందును ఆలస్యంగా లోనికి వదిలే పొరే గాని, గోడ కాదు. మైటోమైసిన్ అణుభారం సుమారు 334. అది ఉదరంలో రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాఢతలో నిలుస్తుంది, కాని కొంత భాగం తప్పకుండా రక్తంలోకి చేరుతుంది. చేరిన భాగం డీఎన్ఏ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసి కణ విభజనను ఆపుతుంది. వేడి ఈ చర్యను ఉదరంలో బలపరుస్తుంది. మూలుగను దెబ్బతీసేది వేడి కాదు, రక్తంలోకి వెళ్లిన మందు. మందు మారితే దెబ్బ తగిలే చోటు కూడా మారుతుంది. అండాశయ కేన్సర్‌లో హైపెక్‌గా సిస్‌ప్లాటిన్ ఇచ్చినప్పుడు ముందుగా భయపడవలసింది మూత్రపిండాల గురించి. 2018లో వెలువడిన నెదర్లాండ్స్ క్లినికల్ ట్రయల్‌లో అందుకే మూత్రపిండాలను కాపాడే సోడియం థయోసల్ఫేట్‌ను కూడా ఇచ్చారు. మైటోమైసిన్ ఇచ్చినప్పుడు భయపడవలసింది మూలుగ గురించి.

న్యూట్రోఫిల్ రక్తంలో ఉండేది కొన్ని గంటలే. మూలుగలో ఒక పూర్వకణం నుంచి పూర్తి న్యూట్రోఫిల్ తయారై బయటకు రావడానికి సుమారు పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది; తయారైనవి కొన్ని రోజులకు సరిపడేంత నిల్వగా మూలుగలోనే ఉంటాయి. మందు విభజిస్తున్న కణాలను చంపుతుంది, నిల్వను వెంటనే ముట్టుకోదు. అందువల్ల మొదటి రోజుల్లో సంఖ్య బాగానే కనిపిస్తుంది. పెద్ద శస్త్రచికిత్స ఒత్తిడికి అది పెరుగుతుంది కూడా. ఇంట్లో బియ్యం బస్తా ఉన్నన్నాళ్లు పొలం ఎండిన సంగతి వంటగదిలో తెలియనట్టే ఇదీ.

మొదటి పతనం

శస్త్రచికిత్సకు ముందు హిమోగ్లోబిన్ 10.4, తెల్లకణాలు 7,800, ప్లేట్‌లెట్లు 2,86,000. మొదటి రోజు తెల్లకణాలు 16,200. నాలుగో రోజు 6,100. ఆరో రోజు 1,900, అందులో న్యూట్రోఫిల్లు 40 శాతం, అంటే 760. అదే రోజు న్యూట్రోఫిల్లను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ 300 మైక్రోగ్రాముల చొప్పున మొదలుపెట్టి మూడు రోజులు ఇచ్చారు. తొమ్మిదో రోజుకు తెల్లకణాలు 11,300 కావడంతో ఇంజెక్షన్ ఆపారు. పదకొండో రోజు తెల్లకణాలు 6,800, ప్లేట్‌లెట్లు 1,12,000 ఉండగా డిశ్చార్జ్ చేశారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా 28వ రోజు వరకు ఎనాక్సాపరిన్ రోజుకు 40 మిల్లీగ్రాములు కొనసాగించమని, రెండు వారాల తరువాత రివ్యూకు రమ్మని రాశారు. మధ్యలో సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించవలసిన తేదీ ఆ కాగితంలో లేదు.

ఆ 11,300 కొత్తగా పండిన పంట కాదు. ఫిల్‌గ్రాస్టిమ్ మొదలైన ఒకటి రెండు రోజుల్లో మూలుగ తన నిల్వను ఒక్కసారిగా బయటకు వదులుతుంది, సంఖ్య ఎగబాకుతుంది. మందు ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే అది సగానికి పడుతుంది. సంఖ్య అసలైన అట్టడుగును దాటి, ఆ తరువాత సంఖ్య నిలబడే వరకు ఇంజెక్షన్ కొనసాగించవలసింది అందుకే. ఈమెకు ఆపిన సమయంలో నిల్వ ఖాళీ అయింది, వెనుక తయారీ ఇంకా మొదలుకాలేదు. ప్లేట్‌లెట్లు కూడా మొదటి సంఖ్యలో సగం కంటే కిందికి దిగి, ఇంకా దిగుతూనే ఉన్నాయి. మూలుగ కోలుకోలేదని చెప్పే సాక్ష్యం అది.

పద్నాలుగో రోజు నుంచి పదహారో రోజు దాకా

పద్నాలుగో రోజు సాయంత్రం చలితో జ్వరం వచ్చింది. బతుకమ్మ రోజులు, ఇల్లంతా బంధువులు. ఊళ్లో అప్పటికే నలుగురికి డెంగీ వచ్చి ఉండటంతో ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. ఆర్ఎంపీ వచ్చి డైక్లోఫెనాక్ (నొప్పి, జ్వరం మందు), డెక్సామెథాసోన్ (స్టెరాయిడ్) ఇంజెక్షన్లు చేశాడు. ఎనిమిది గంటలు జ్వరం తగ్గి, తెల్లవారుజామున మళ్లీ వచ్చింది. పదిహేనో రోజు పరకాలలో పరీక్షలు చేయించారు: తెల్లకణాలు 2,100, ప్లేట్‌లెట్లు 58,000, ఎన్ఎస్1 (డెంగీ వైరస్ ప్రోటీన్) నెగటివ్, కార్డు పరీక్షలో డెంగీ ఐజీఎం (ప్రతిరక్షకం) పాజిటివ్. ఆ రోజంతా సెలైన్, పారాసిటమాల్. పదహారో రోజు ఉదయం మా దగ్గరకు వచ్చేసరికి భర్త చెప్పిన మాట: "మేడం, డెంగీ అన్నరు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నయ్, ఎక్కియ్యాలె అన్నరు. బొప్పాయాకు రసం రెండు పూటలు తాపిచ్చినం."

ఉష్ణోగ్రత 38.9 డిగ్రీలు, నాడి 128, రక్తపోటు 86/54. కుడి పిరుదు మీద ఇంజెక్షన్ చేసిన చోట అరచేయంత నల్లగా కమిలిన మచ్చ. పొట్ట మెత్తగా ఉంది, కుట్లు పొడిగా ఉన్నాయి. ఇలాంటి రోగిలో ఈ చివరి రెండు విషయాలూ ధైర్యం ఇవ్వకూడదు. చీము తయారు కావాలన్నా, పొట్ట బిగుసుకోవాలన్నా న్యూట్రోఫిల్లు కావాలి, అవి లేవు.

పరకాల రిపోర్టును నేను తెరిచి చూసినప్పుడు అందులోనే సమాధానం ఉంది. మొత్తం తెల్లకణాలు 2,100 అన్న వరుస కింద న్యూట్రోఫిల్లు 18 శాతం అని రాసి ఉంది. రెండింటినీ గుణిస్తే 378. అంతకు ముందు రోజే డెక్సామెథాసోన్ పడిన మనిషిలో న్యూట్రోఫిల్లు పెరగాలి. పెరగలేదంటే బయటకు రావడానికి లోపల ఏమీ మిగలలేదన్నమాట. మా ల్యాబ్‌లో తెల్లకణాలు 1,400, న్యూట్రోఫిల్లు 12 శాతం, అంటే 168, ప్లేట్‌లెట్లు 41,000, హిమోగ్లోబిన్ 8.1, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 24.

డెంగీ కాదని నేను అనుకోవడానికి కారణాలు ఇవి. డెంగీలో ప్లేట్‌లెట్లు బాగా పడేది సాధారణంగా జ్వరం నాలుగో రోజు నుంచి, జ్వరం దిగే సమయంలో. ఈమెకు జ్వరం వచ్చిన మరునాటికే 58,000. ఐజీఎం సాధారణంగా ఐదో రోజు ప్రాంతంలో కనిపించడం మొదలై, రెండు మూడు నెలలు నిలిచి ఉండగలదు. రెండో రోజున ఎన్ఎస్1 లేకుండా ఐజీఎం ఉండటం అంతకు ముందెప్పుడో సోకి తగ్గిన డెంగీకి గుర్తు కావచ్చు, కార్డు పొరపాటూ కావచ్చు. రక్తపోటు పడిన డెంగీలో హెమటోక్రిట్ పెరగాలి; ఇక్కడ పెరగలేదు. అయినా డెంగీకి ల్యాబ్‌లో చేసే ఎలైజా పరీక్షకు నమూనా పంపాను. ఎందుకంటే మన ప్రాంతంలో సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో రెండు వ్యాధులూ ఒకే మనిషిలో ఉండటం అసాధ్యం కాదు. డెంగీని కొట్టివేయడం కన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: రోగ నిర్ధారణ తేలే వరకు ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. న్యూట్రోఫిల్లు 500 కంటే తక్కువ ఉండి, జ్వరం ఒక్కసారి 38.3 డిగ్రీలు దాటినా, గంటసేపు 38 డిగ్రీలు నిలిచినా అది అత్యవసర స్థితి; గంటలోపు మొదటి మోతాదు పడాలి. రెండు వైపుల నుంచి రక్తం కల్చర్‌కు తీసి, నలభై నిమిషాల్లో మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్ ఇచ్చాము. రక్తపోటు పడి ఉంది, పేగు అతుకు తాజాది. తేలిక మందుతో మొదలుపెట్టి చూద్దామనే వెసులుబాటు లేదు. సెలైన్‌తో రక్తపోటు చాలకపోవడంతో పద్దెనిమిది గంటలు రక్తపోటును పెంచే నారడ్రినలిన్ అవసరమయింది.

ప్లేట్‌లెట్ల పతనానికి మరో రెండు కారణాలను కూడా పరిశీలించవలసి వచ్చింది. హెపారిన్ రకానికి చెందిన ఎనాక్సాపరిన్ తీసుకుంటున్న మనిషిలో హెపారిన్ వల్ల ప్లేట్‌లెట్లు పడే స్థితిని మరువకూడదు. కాని దానిలో తెల్లకణాలు కూడా పడవు, ఇక్కడ పతనానికి వేరే స్పష్టమైన కారణం ఉంది, ఎక్కడా రక్తనాళంలో గడ్డ లేదు. ఈ స్థితికి ఎంత అవకాశం ఉందో లెక్కించే నాలుగు అంశాల స్కోరు 3 మాత్రమే వచ్చింది. ఎనాక్సాపరిన్ ఆపి, కాళ్లకు గాలి ఒత్తిడి పట్టీలు వేశాము. మైటోమైసిన్ సన్నని రక్తనాళాలను దెబ్బతీసి ఎర్రకణాలను చీల్చే మరో ప్రమాదకరమైన స్థితిని కూడా కలిగించగలదు; స్మియర్‌లో (గాజు పలకపై పరచి చూసిన రక్తంలో) చీలిన కణాలు కనిపించలేదు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9. స్మియర్‌ను పాథాలజిస్టు పక్కన కూర్చొని స్వయంగా చూశాను. ప్లేట్‌లెట్లు పడింది మూలుగ పతనం వల్లనా, హెపారిన్ వల్లనా, రక్తనాళాల దెబ్బ వల్లనా అన్నది యంత్రం ఇచ్చిన సంఖ్య ఒక్కటే చెప్పజాలదు.

సీటీలో పేగు అతుకు దగ్గర లీకు లేదు. కటి భాగంలో రెండున్నర సెంటీమీటర్ల నీటి తావు ఉంది. దానిని సూదితో తీయడానికి ప్రయత్నించలేదు. పద్దెనిమిదో రోజు కల్చర్‌లో మెరోపెనెమ్‌కు లొంగే ఈ. కోలై బ్యాక్టీరియా వచ్చింది.

కోలుకోవడం

న్యూట్రోపీనియాతో జ్వరం వచ్చిన ప్రతి రోగికీ ఫిల్‌గ్రాస్టిమ్ ఇవ్వనవసరం లేదు. ఈమెకు తిరిగి మొదలుపెట్టడానికి కారణాలు రక్తంలో బ్యాక్టీరియా ఉండే అవకాశం, పడిన రక్తపోటు, మానవలసిన పేగు అతుకు. రోజుకు 300 మైక్రోగ్రాములు. ఈసారి సంఖ్య పెరిగిన మొదటి రోజే ఆపబోమని కేసు షీటు మీదనే రాసి పెట్టాము.

పద్దెనిమిదో రోజు న్యూట్రోఫిల్లు 210, ప్లేట్‌లెట్లు 22,000, హిమోగ్లోబిన్ 6.8. బంధువులకు అన్నిటికంటే చీకటి రోజు అదే; ప్లేట్‌లెట్లు ఎక్కించరేమని గట్టిగా అడిగారు. రక్తస్రావం లేదు, జ్వరం దిగుతోంది. జ్వరంతో ఉన్న రోగికి మేము పెట్టుకున్న హద్దు 20,000. సంఖ్య అంతకంటే దిగితే దాతను పిలిపించడానికి బ్లడ్ బ్యాంకుకు చెప్పి ఉంచాము. ఒక యూనిట్ ఎర్రకణాలు మాత్రం ఎక్కించాము. అదే రోజు రిపోర్టులో నాకు ఊరట కలిగించిన సంఖ్య ఒకటి ఉంది: మోనోసైట్లు 14 శాతం. మూలుగ తిరిగి మొలకెత్తేటప్పుడు సాధారణంగా మోనోసైట్లు ముందు వస్తాయి, ఒకటి రెండు రోజుల వెనుక న్యూట్రోఫిల్లు వస్తాయి. భర్తను పిలిచి ఆ వరుసను వేలితో చూపించి చెప్పాను. న్యూట్రోఫిల్లు పంతొమ్మిదో రోజు 480, ఇరవయ్యో రోజు 1,250, ఇరవై ఒకటిన 3,900, ఇరవై రెండున 8,600, ఇరవై మూడున 12,400. అప్పుడు ఇంజెక్షన్ ఆపాము. ఇరవై ఐదో రోజు 5,200కు దిగింది. ఇది ఎదురుచూసిన దిగుడే. ఇరవై ఎనిమిదిన 4,100 దగ్గర నిలబడింది.

ప్లేట్‌లెట్లు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చాయి: ఇరవయ్యో రోజు 27,000, ఇరవై నాలుగున 64,000, ఇరవై ఎనిమిదిన 1,41,000. 50,000 దాటి స్థిరపడ్డాక ఎనాక్సాపరిన్ తిరిగి మొదలుపెట్టి 28వ రోజుతో ముగించాము. డెంగీ ఎలైజాలో ఎన్ఎస్1 నెగటివ్. ఐజీఎం కూడా నెగటివ్.

ఇక్కడ నా లోపం కూడా చెప్పాలి. పదిహేడో రోజు మేము సీబీసీ చేయలేదు; ముందు రోజు చేశాము, మరునాడు చేద్దాం అనుకున్నాము. రోజుకు పది నుంచి పదిహేడు వేల చొప్పున పడుతున్న ప్లేట్‌లెట్ల విషయంలో ఆ ఒక్క రోజు విరామం సరైనది కాదు. ఆ రోజు రక్తస్రావం మొదలై ఉంటే మేము సిద్ధంగా ఉండేవాళ్లం కాదు.

బొప్పాయి ఆకు రసం గురించి ఆ కుటుంబంతో చాలాసేపు మాట్లాడాను. వారు ప్రేమతో చేసిన పని అది, కోప్పడవలసినది కాదు. కాని న్యూట్రోఫిల్లు లేని మనిషికి, పేగు కోసి అతికిన మూడో వారంలో, కడిగీ కడగని పచ్చి ఆకు రసం అంటే సూక్ష్మజీవులను నేరుగా పేగులోకి పంపడమే. వండిన వేడి అన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు పెట్టమన్నాను. కూతురు గదిలోకి తెచ్చిన తంగేడు, గునుగు పూలను కూడా బయటే ఉంచమని చెప్పవలసి వచ్చింది. ఆ మాట చెప్పడం నాకు కష్టమయింది.

హిమోగ్లోబిన్ అన్నిటికంటే నెమ్మది. శస్త్రచికిత్సలో పోయిన రక్తం, మూలుగ పతనం, ఇన్ఫెక్షన్ వల్ల శరీరం ఇనుమును బిగపట్టి వదలకపోవడం, మొదటి నుంచీ ఉన్న ఇనుము లోటు, ఇవన్నీ కలిశాయి. బ్యాక్టీరియా రక్తంలో ఉన్నప్పుడు సిర ద్వారా ఇనుము ఇవ్వడం మంచిది కాదు కాబట్టి యాంటీబయాటిక్ ముగిసే వరకు ఆగాము. ముప్పై ఐదో రోజు హిమోగ్లోబిన్ 8.4, ఇనుము లోటును చూపే ట్రాన్స్‌ఫెరిన్ సంతృప్తత 9 శాతం. మరునాడు సిర ద్వారా ఇచ్చే ఇనుము, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ ఇచ్చాము. పెద్దపేగు కుడి భాగంతో పాటు చిన్నపేగు చివరి భాగం కొంత పోయింది కాబట్టి బీ12 కూడా మొదలుపెట్టాము.

ఎనిమిది వారాలు

సిర ద్వారా ఇచ్చిన మైటోమైసిన్‌లో మూలుగ పతనం సగటున నాలుగో వారంలో వస్తుంది, ఎనిమిదో వారం లోపు ఎప్పుడైనా రావచ్చు. హైపెక్‌లో అది త్వరగానే కనిపించినా, ఆలస్యంగా మరోసారి దిగదని హామీ లేదు. కాబట్టి 56వ రోజు వరకు వారానికి ఒక సీబీసీ చొప్పున తేదీలు వేసి, ఒక అరపేజీ తెలుగు కాగితం రాసి ఇచ్చాను. అందులో హైపెక్ జరిగిన తేదీ, మందు పేరు, మోతాదు ఉన్నాయి. జ్వరం 38 డిగ్రీలు దాటితే ఏ ఇంజెక్షనూ చేయించకుండా నేరుగా ఆసుపత్రికి రావాలని, రిపోర్టులో మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్ శాతంతో గుణించి చూడాలని ఉంది. ఒక ప్రతిని ఆర్ఎంపీకి కూడా పంపాను. అతను ఫోన్ చేసి, డిశ్చార్జ్ కాగితం రెండో పేజీలో ఉన్న హైపెక్ అన్న మాటకు అర్థం తనకు తెలియలేదని, పొట్ట ఆపరేషన్ అని మాత్రమే అనుకున్నానని చెప్పాడు. ఆ మాట నిజాయితీగా చెప్పినందుకు నాకు అతనిపై గౌరవం కలిగింది. ఆ కాగితం ఇంగ్లీషులో, సంక్షిప్తాక్షరాలతో, మరో సర్జన్ చదువుకోవడానికి రాసినది. జ్వరం వచ్చిన రాత్రి దానిని చేతిలో పట్టుకున్నది అతను.

నలభై రెండో రోజు తెల్లకణాలు 3,300కు, న్యూట్రోఫిల్లు 1,450కి కొద్దిగా దిగాయి. జ్వరం లేదు. ఇంజెక్షన్ ఇవ్వలేదు, నాలుగు రోజులకే మళ్లీ పరీక్షించాము: న్యూట్రోఫిల్లు 2,100. యాభై ఆరో రోజు తెల్లకణాలు 5,900, న్యూట్రోఫిల్లు 3,300, ప్లేట్‌లెట్లు 2,44,000, హిమోగ్లోబిన్ 10.6, బరువు 45 కిలోలు. ఆరు నెలల సీటీకి, కణితి గుర్తుల పరీక్షకు ఆమె హైదరాబాద్ వెళ్లాలి. ఆ తేదీని కూడా అదే కాగితం కింద రాసి ఇచ్చాను.